నిలబడకూడని సరస్సు

సరస్సు ఒడ్డు,
డైవింగ్ అకాడమీ, మేడ మీది గది.

అక్కకు,

నీ తమ్ముడు ఎట్టకేలకు లోతైన మనిషి అయ్యాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ముందుగా ఒక విషాదవార్త. నా ఫోను నీళ్లపాలైంది. పడవ మీంచి వంగి నీటి రంగును పరిశీలిస్తుంటే జేబులోంచి జారి అగాధంలోకి వెళ్లిపోయింది. కొత్తది కొనేదాకా మన బంధం కాగితం మీదే నడవాలి. ఒక రకంగా ఇదే మేలు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డంపడి సోది ఆపరా అంటావు. ఉత్తరంలో నీకు ఆ సౌకర్యం లేదు.

నేను చేరిన చోటు సామాన్యమైనది కాదు. సిలిండరు వీపున కట్టుకుని, గొట్టంలోంచి గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడం నేర్పే అకాడమీ. దీని అధిపతిని అందరూ కెప్టెన్ అంటారు. ఎప్పుడూ తెల్లటోపీ పెట్టుకునే ఉంటారు. నీళ్లలోకి మాత్రం దిగరు, జలుబు చేస్తుందట. ఇదివరకు ఇదే నీళ్లలో హంస బొమ్మల తొక్కుడు పడవలు అద్దెకు తిప్పేవారు. హంసలన్నీ ఒక్కొక్కటిగా మెడలు విరిగి పదవీ విరమణ చేశాయి. మిగిలిన ఒక్కదాన్నీ ఇప్పుడు సహాయక నౌక అంటున్నాం.

ఇక్కడ భాష విషయంలో పట్టింపు ఎక్కువ. చెరువు అనకూడదు, సరస్సు అనాలి. చెరువంటే లోతు తగ్గిపోతుందని కెప్టెన్ అభిప్రాయం. బురద అనకూడదు, అడుగుపొర అనాలి. అన్నిటికన్నా పెద్ద నిషేధం 'నిలబడు' అన్న మాట మీద. నీళ్లలో ఉన్నవాడు ఏ పరిస్థితిలోనూ నిలబడకూడదు, ఎదుటివాణ్ణి నిలబడమనకూడదు. నిలబడటమంటే లోతును అవమానించడమే అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

నా హోదా ప్రధాన శిక్షకుడు. ఉపప్రధాన శిక్షకుణ్ణీ నేనే. సముద్రం దగ్గర నేను చేసిన రెండు వారాల కోర్సును నువ్వు షికారు అన్నావు. ఇప్పుడు ఆ షికారే అన్నం పెడుతోంది.

నిన్న ఇరవై లోతుకు దిగాను అక్కా. ఇరవై. చాచిన చెయ్యి కూడా కనిపించని చీకటి. అలాంటి చోట మనిషి తన గురించి తాను ఆలోచించుకుంటాడు. నేనూ ఆలోచించుకున్నాను. ఆకలేసింది, పైకొచ్చాను.

బావగారికి నా నమస్కారాలు.

లోతుల్లోంచి,
నీ తమ్ముడు


అగ్నిమాపక కేంద్రం ఆఫీసు,
నా కుర్చీ.

ఒరేయ్ లోతైనవాడా,

నీ ఉత్తరం పోయిన వారం ఒక మధ్యాహ్నం భోజనాల వేళకు అందింది. నవ్వుకుంటారు కదా అని పైకి చదివాను. ఆ హంసల దగ్గర అందరూ నవ్వారు. ఇరవై లోతు దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. మా ఆఫీసరు తలుపు తీసే ఉంది. నేను ఈ సీటులో చేరినప్పటినుంచీ ఆయన భోజనం మధ్యలో లేచి రావడం చూడలేదు. ఆ రోజు చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చారు. ఇరవై మీటర్లా అని అడిగారు. అవునండి, మా తమ్ముడే అన్నాను. ఆ 'మా తమ్ముడే' అన్నప్పుడు నా గొంతులో కొంచెం పొగరు వినిపించింది. అది నీకు చెప్పకూడదనుకున్నా, చెప్పేశా.

సంగతేమిటంటే, నిరుడు క్వారీ గుంటలో ఇద్దరు పడిపోయినప్పుడు మా దగ్గర డైవర్లు లేరు. దూరం నుంచి పిలిపించాం. వాళ్లు వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. అప్పటినుంచీ మనకంటూ సొంత డైవర్లు ఉండాలని పెద్దాయన, అదే మా ఆఫీసరు, పైవాళ్లకు రాస్తూనే ఉన్నారు. ఆ రాతలన్నీ టైపు చేసింది నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు అనుమతి వచ్చేసింది. ఆరుగురిని ఎంపిక చేసి మీ అకాడమీకే పంపుతారట. నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఆ మర్నాటినుంచే క్వారీ డ్యూటీలో ఉంటారు.

మొదట చెయ్యెత్తింది మీ బావ.

ఆయన సంగతి నీకు తెలుసు. ఆరడుగుల పైన ఇంకో జానెడు మనిషి. స్టేషన్లో నిచ్చెన అని పిలుస్తారు. మంటల్లోకి నవ్వుతూ వెళ్తారు. బాత్రూములో బకెట్టు పొంగితే మాత్రం నన్ను పిలుస్తారు. అలాంటి మనిషి చెయ్యెత్తారు.

ఆయన పాసైపోయారని నువ్వు సంతకం పెడితే, అది నమ్మి ఆయన్ని దించేస్తారు. అంచేత వేళాకోళం కాస్త పక్కన పెట్టి సరిగ్గా నేర్పు.

అక్క


సరస్సు ఒడ్డు,
సిలిండర్ల గది.

గౌరవనీయురాలైన అక్కకు,

నీ ఉత్తరంతో అకాడమీలో ఆనందం పొంగింది. కెప్టెన్ టోపీ ఉతికించారు. సర్కారువాళ్లు మనల్ని గుర్తించారు అంటూ ఒడ్డున ఉన్న కుర్చీలన్నిటికీ రంగు వేయిస్తున్నారు.

అయితే ఒక శిక్షకుడిగా నాకు కొన్ని శాస్త్రీయమైన సందేహాలున్నాయి. వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొదటిది, ఈ సరస్సుది చపలచిత్తం. ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. రెండోది, బావగారి పొడుగు. పొడుగు మనుషులకు ఈ నీళ్లు అంతగా నప్పవని నా అనుభవం. దీని మీద ఇంకా పరిశోధన జరగాల్సి ఉంది. మూడోది చాలా ముఖ్యం. తేళ్లు. అవును, నీటితేళ్లు. ఈ సరస్సు వాటికి పుట్టినిల్లు. అడుగుపొరలో దాక్కుని ఉంటాయి. కుడితే మనిషి కొన్నాళ్లు తన పేరు తానే మరిచిపోతాడట. బావగారు మీ వీధి పేరే అప్పుడప్పుడూ మరిచిపోతారు కదా, ఎందుకొచ్చిన తంటా.

ఇంకో మంచి అకాడమీ ఎక్కడైనా ఉందేమో మీ పెద్దాయన్ని విచారించమను. నా వల్ల మీకు ఇబ్బంది రాకూడదన్న ఒకే ఒక్క ఉద్దేశంతో రాస్తున్నాను.

వినమ్రుడు,
నీ తమ్ముడు


ఇల్లు,
పెరటి మెట్లు.

ఒరేయ్,

నువ్వు వినయంగా రాశావంటే ఎక్కడో ఏదో కాలుతోందన్నమాట. నేను అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తున్నాను, ఆ వాసన పట్టగలను. అయినా పెద్దాయన్ని అడిగాను. ఇంకే అకాడమీ వద్దన్నారు. వీళ్లకు ఆ అబ్బాయి ఉన్నాడు కదా అన్నారు. ఆ అబ్బాయివి నువ్వే.

తేళ్ల సంగతి మీ బావకు చెప్పాను. ఆ రోజునుంచీ బూట్లు దులిపి వేసుకుంటున్నారు. కళ్లద్దాల ముసుగు ఒకటి ఎక్కణ్ణుంచో తెచ్చుకుని అది పెట్టుకునే మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, మీ ఆయనకి కళ్లకలకా అని అడిగింది. తొట్టిలో తల ముంచి ఊపిరి బిగబడుతున్నారు. ఎంతసేపో లెక్కపెట్టమని నాకు చెప్తారు. నేను మొదలుపెట్టే లోపే పైకి లేచిపోతున్నారు.

నవ్వకు. నీకు తెలియనిది ఒకటుంది. ఎవరికీ చెప్పొద్దన్నారు కాబట్టే ఇన్నాళ్లూ చెప్పలేదు.

నిరుడు క్వారీ దగ్గర తాడు పట్టుకుని ఒడ్డున ఉన్నది మీ బావే. తాడు విసిరారు. అందలేదు. మళ్లీ విసిరారు. ఈత రాదు కాబట్టి దిగలేదు. దిగుంటే ముగ్గురయ్యేవాళ్లని అందరూ అన్నారు, పెద్దాయన భుజం తట్టారు. ఆ మాటలేవీ ఆయనకు ఎక్కలేదు. ఇప్పటికీ ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయి అరచేతులు చూసుకుంటారు. ఉప్పు అందించమంటే కూడా వినిపించదు.

ఇప్పుడు నీ దగ్గర నేర్చుకుంటానని లెక్కలు వేసుకుంటున్నారు. బావమరిది దగ్గర సిగ్గుపడక్కర్లేదు, రాకపోతే రాలేదని చెప్పొచ్చు అన్నారు. ఈమధ్య కాలంలో ఆయన నోట వచ్చిన పెద్ద వాక్యం అదే.

నీ మీద నమ్మకంతో పంపుతున్నాను. నమ్మకం అన్న మాట నీ విషయంలో వాడటం నాకు కొత్త, అందుకే రెండుసార్లు చదువుకో.

అక్క


సరస్సు ఒడ్డు,
మేడ మీది గది.

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను. చింపినవన్నీ కుప్పగా పోస్తే సరస్సు లోతు ఇంకాస్త తగ్గేది.

విషయం ఏమిటంటే, ఈ సరస్సు నేను రాసినంత లోతు ఉండకపోవచ్చు. కాస్త తక్కువ. లోతంటే కనిపించకపోవడమే అన్నది కెప్టెన్ సిద్ధాంతం. అడుగు కనిపించనంతసేపూ అంతా లోతేనట. అందుకని విద్యార్థులు వచ్చేముందు ఆ హంస పడవను నీళ్లలో అటూ ఇటూ తొక్కి తిప్పుతాం. బురద లేస్తుంది. అదే, అడుగుపొర. అప్పుడు సరస్సుకు గాంభీర్యం వస్తుంది. మా కాలేజీలో కొందరు మేష్టార్లు పాఠం చెప్పే పద్ధతీ ఇదే కాబట్టి నాకు మొదట్లో తప్పుగా తోచలేదు.

తమాషాగా మొదలైంది. ఇంట్లో అందరూ వీడింతే అని నాకు నీళ్లు వదిలేశాక, మొదటిసారి నా ఉత్తరాన్ని ఎవరో పైకి చదివారు. ఆఫీసరు భోజనం మధ్యలో లేచొచ్చారని నువ్వు రాసిన ముక్క నేను చించలేదు, దాచుకున్నాను. ఆ మనిషి మళ్లీ వెళ్లి కూర్చోవడం నాకిష్టం లేకపోయింది.

బావగారు రాకుండా ఏదైనా చెయ్యి. కాలు బెణికిందని చెప్పు. లేకపోతే నా కాలు బెణికిందని చెప్పు.

నీ తమ్ముడు


ఇల్లు.

ఒరేయ్,

కాస్త అంటే ఎంత? నా పొడుగుతో కొలిచి చెప్పు.

ఇంకోటి. నీ మొదటి ఉత్తరం బయటికి తీసి మళ్లీ చదివాను. ఇరవై అని ఉంది. ఇరవై ఏమిటో లేదు. మీటర్లు అన్నది పెద్దాయన, అవునన్నది నేను. ఏమిట్రా ఇరవై?

వ్యాను రేపు పొద్దున్నే బయల్దేరుతోంది. మీ బావ కాలు బెణకదు, బెణికినా కుంటుకుంటూ వస్తారు. పోస్టులో వేస్తే అందదని ఇది ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆయనకు విప్పి చూసే అలవాటు లేదు. జవాబు ఆయనకే చెప్పు, నీళ్లలోకి దిగకముందు.

అక్క


సరస్సు ఒడ్డు,
బస్టాపు బెంచీ.

అక్కా,

ఇరవై బెత్తెలు.

బెత్తె అంటే నాలుగు వేళ్ల వెడల్పు. కెప్టెన్ వెదురుకర్ర పక్కన అరచెయ్యి అడ్డంగా పెట్టుకుంటూ కొలిచారు. మీటర్లలో చెబితే అంకె చిన్నదై విద్యార్థుల మనసు చిన్నబోతుందట. నీ పొడుగుతో అయితే గడ్డం దాకా, అదీ నడిమధ్యన ఒక్కచోటే. మిగతా అంతా నడుము లోతు. నా ఫోను పడినచోట మోకాటి లోతు. అది అగాధంలోకి పోలేదు. అడుగున వెలుగుతూ కనిపిస్తూనే ఉంది, అప్పుడు ఫోను చేస్తున్నది నువ్వే. వంగి తీసుకుంటే ఒడ్డునున్న కొత్తవాళ్లు చూస్తారని కెప్టెన్ కళ్లతోనే ఆపారు. మర్నాడు దాన్ని 'లోతైన అన్వేషణ' అనే పాఠంగా పెట్టి, నలుగురు సిలిండర్లు కట్టుకుని వెతికి తీశారు. అప్పటికి అది కప్పలు మాట్లాడుకోవడానికి తప్ప పనికిరాదు.

నీ ఉత్తరం బావగారు చేతిలో పెట్టినప్పుడు కెప్టెన్ నా పక్కనే ఉన్నారు. చదివాను. బావగారు నన్ను కొంచెం పక్కకు తీసుకెళ్లి, ఎవరికీ వినపడకుండా, తేళ్లు నిజంగా ఉన్నాయా అని అడిగారు. లేవంటే మరెందుకు రాశావంటారు. అక్కణ్ణుంచి ఒక్కొక్క ముడీ విప్పాల్సి వస్తుంది. నేను నీళ్లు నమిలాను. ఉన్నాయి గానీ పొద్దుటిపూట బయటికి రావన్నాను. ఆయన తలూపారు. వెళ్లి మిగతా అయిదుగురికీ అదే ధైర్యం చెప్పారు.

ఒడ్డున రంగు కుర్చీల్లో మీ పెద్దాయన, ఊళ్లోని నలుగురు పెద్దమనుషులు. హంస అప్పటికే తిరిగి తిరిగి నీళ్లను కాఫీ చేసిపెట్టింది. కెప్టెన్ హంస మీద నిలబడి మైకు పట్టుకున్నారు. నిలబడే హక్కు అకాడమీలో ఆయనొక్కరికే ఉంది. మా దగ్గర నీళ్లలోకి దిగడానికి బోర్లా పద్ధతి అని ఒకటుంది. చెక్క వంతెన అంచున పడుకుని అలాగే దొర్లాలి. నడిచి దిగితే మోకాళ్లు కనిపిస్తాయి కదా. ఆరుగురూ దొర్లారు. సిలిండర్లు నీళ్లపైకి తేలి కనిపిస్తున్నాయి. ఒడ్డునుంచి చూస్తే గ్యాసు బండి బోల్తా కొట్టినట్టుంది.

నేను బావగారి పక్కనే బోర్లా పడుకుని ఉన్నాను. ఆయన ఉన్నట్టుండి సిలిండరు బరువుకు వెల్లకిలా తిరిగిపోయారు. సిలిండరు బురదలో దిగబడింది. నడుముకు బరువు కోసం కట్టిన సీసం బెల్టు. నోట్లోని గొట్టం ఊడింది. అంత పొడుగు మనిషి తిరగబడ్డ తాబేలులాగా చేతులు కొట్టుకుంటున్నారు. ఇది కెప్టెన్ చూశారు. మైకులో మా మొదటి పాఠం అరిచారు.

"తేలు. తేలు."

పైకి తేలమని. ఆ మాటకు ఇంకో అర్థముందని అకాడమీలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఆ ఇంకో అర్థాన్ని ఆయన బుర్రలో నాటింది నేనే అయినా.

బావగారి కళ్లు అద్దం లోంచి చూశాను అక్కా. తేలు అన్న మాటతో ఉన్న కాస్త ఊపిరీ అరుపుగా పోయింది. ఆ ఖాళీలోకి నీళ్లు వెళ్లాయి. నడుము లోతు నీళ్లలో మనిషి మునిగిపోవచ్చని నాకు తెలుసు. కోర్సులో మొదటిరోజే చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కెప్టెన్ నా వంక చూసి వేలు ఊపారు. లేవకు అని.

లేచాను.

ఆ నీళ్లలో నిటారుగా లేవడం నాకదే మొదటిసారి. నీళ్లు నా పొట్ట దాకా ఉన్నాయి. ఒడ్డున కుర్చీలు కిర్రుమన్నాయి. బావగారి బెల్టు లాగేశాను, చొక్కా పట్టుకున్నాను. నేనాయన్ని ఎప్పుడూ మీరు అనే అంటాను కదా. ఆ మర్యాద కూడా గుర్తు రాలేదు.

"నిలబడు బావా. కాళ్లు కింద పెట్టు. నేలుంది, నిలబడు."

వినిపించలేదేమో, కాలు పట్టుకుని నేనే నేలకు అదిమాను. అప్పుడు నిలబడ్డారు. నీళ్లు ఆయన బొడ్డు కింద ఆగాయి.

ఈలోపు మిగతా అయిదుగురూ బురదలోంచి తలలెత్తారు. కెప్టెన్ ఇంకా తేలు, తేలు అంటూనే ఉన్నారు. మొదట ఒకడు లేచి పరిగెత్తాడు. తర్వాత అందరూ. సిలిండర్లూ, కాళ్లకు కప్పకాళ్లలాంటి రబ్బరు రెక్కలూ వేసుకుని, చెక్క వంతెన దగ్గర్నుంచి ఒడ్డు దాకా అయిదుగురు అగ్నిమాపక సిబ్బంది నీళ్లు చిమ్ముకుంటూ పరిగెత్తారు. పెద్దమనుషుల్లో ఒకాయన కుర్చీ ఎక్కి నిలబడ్డారు. తేలు ఒడ్డుకు కూడా వస్తుందని ఆయన భయం.

బావగారు దగ్గి దగ్గి, ముసుగు తీసి, తన నడుము వంక చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు.

ఇంతే అన్నాను.

"ఇక్కడ పాసైతే నన్ను ఆ క్వారీలోకి దింపేవాళ్లు కదరా."

తిట్టలేదు. నా మీద చెయ్యి చేసుకుంటే బాగుండేదనిపించింది, చేసుకోలేదు. నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి ఒడ్డున కూర్చుని అరచేతులు చూసుకున్నారు.

మీ పెద్దాయన బూట్లతోనే నీళ్ల అంచుదాకా వచ్చి, నీకసలు డైవింగ్ వచ్చా అని అడిగారు. కొంచెం వచ్చండి, ఇక్కడ మాత్రం ఎవరికీ రాదండి అన్నాను. తేళ్ల సంగతి, బెత్తెల సంగతి, నువ్వు అవునన్నది నా రాత చూసేనన్న సంగతి, అన్నీ అక్కడే ఒప్పుకున్నాను. కెప్టెన్ నన్ను మైకులోనే ఉద్యోగంలోంచి తీసేశారు. ఊరంతా విన్నది, కాబట్టి కాగితం అక్కర్లేదు.

నీ పేరు ఆఫీసులో నా వల్ల పోయింది. దీనికి జోకు ఏదీ రావట్లేదు.

నీ తమ్ముడు


ఇల్లు,
వంటింటి బల్ల.

ఒరేయ్,

నిన్ను తిట్టడానికి నాలుగు కాగితాలు తీసుకున్నాను. మూడు వాడేశాను. అవి పంపట్లేదు, అక్షరాలు సరిగ్గా కుదరలేదు. మిగిలినది ఇది.

ఆఫీసులో నా బల్ల పక్కన ఎవరో బకెట్టు నిండా నీళ్లు పెట్టి, దానిమీద 'లోతు: ఇరవై' అని చీటీ అంటించారు. నేను తియ్యలేదు. మొక్కలకు పోసి మళ్లీ నింపి పెట్టాను. తర్వాత వాళ్లే సిగ్గుపడి తీసేశారు. పెద్దాయన నన్ను పిలిచి, ఇకపై అంకె చూసినప్పుడు పక్కన ఏముందో కూడా చూడమ్మా అన్నారు. తనూ చూడలేదన్న సంగతి ఆయనకు గుర్తుంది, అందుకే అంతకన్నా గట్టిగా అనలేకపోయారు.

మీ కెప్టెన్ గురించి బెంగపెట్టుకోకు. కొత్త కరపత్రం మా స్టేషన్ గోడకే అంటించి వెళ్లారు. 'నిలబడి చేసే డైవింగ్. ఈత రానక్కర్లేదు. అగ్నిమాపక సిబ్బంది ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డ ఏకైక కేంద్రం.' జనం బారులు తీరుతున్నారట.

మీ బావ ఇంటికొచ్చాక ముసుగు తీసి అటక మీద పెట్టేశారు. అయిపోయింది, ఇక ఎప్పటికీ ఒడ్డునే ఉంటారనుకున్నాను. నువ్వు చేసిన తప్పుల్లో నేను క్షమించలేనిది అదే అనుకున్నాను. ఆ ముసుగు అటక ఎక్కడం.

మొన్న ఉదయం పెద్దాయన గదిలోకి వెళ్లారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నన్ను నిజంగా లోతున్న చోటికి పంపండి, అక్కడ రాకపోతే రాలేదని నేనే చెప్తాను అన్నారు. పెద్దాయన సరేనని సముద్రం దగ్గరి కేంద్రానికి రాయించారు. మిగతా అయిదుగురిలో ఇద్దరు వస్తామన్నారు, ముగ్గురు నిచ్చెనలు ఎక్కడమే హాయి అన్నారు. ముసుగు అటక దిగింది.

నిన్ను కూడా పంపమన్నారు పెద్దాయన. శిక్షకుడిగా కాదు, పొంగిపోకు. సిలిండర్లు మొయ్యడానికి, మొదటినుంచి నేర్చుకోవడానికి. ఆ అబ్బాయి వేల అబద్ధాలాడాడు, నిజం చెప్పాల్సిన ఒక్క క్షణంలో మాత్రం చెప్పాడు, ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలుసుకోవడం నేర్పితే వచ్చేది కాదు అన్నారు. నేనైతే ఆ వేల దగ్గరే ఆగిపోయేదాన్ని.

నాది ఒకటే షరతు. అక్కడినుంచి రాసేటప్పుడు ఏదీ దాచకు. మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు. మీ బావ రాయరు. బాగున్నాను అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నాకు కళ్లు నువ్వే.

అక్క


సముద్రపు ఒడ్డు,
శిక్షణ కేంద్రం, తడిబట్టల వరండా.

అక్కా,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇక్కడి శిక్షకురాలు నా వయసు మనిషే. నా పాత సర్టిఫికెట్ చూసి, బాగుంది, దాచుకో అంది. అంతే. నేను సిలిండర్లు కడుగుతున్నాను, మోస్తున్నాను, మిగతా సమయంలో చిన్నపిల్లలతో కలిసి మొదటి పాఠం నేర్చుకుంటున్నాను. వాళ్లలో ఒకమ్మాయికి నాకన్నా బాగా వస్తోంది, ఆ సంగతి నాకు రోజూ గుర్తుచేస్తోంది.

ఇక్కడ ఎవరూ ఒంటరిగా దిగకూడదు. ఇద్దరిద్దరు జంటగా దిగాలి, ఒకరికొకరు కాపలా. బావగారికి జంటగా నన్నే వేశారు. వద్దంటారనుకున్నాను, అనలేదు. కాకపోతే నీళ్లలోకి దిగేముందు నా బెల్టూ నా గొట్టమూ తనే మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటున్నారు. నేనాయన్ని మళ్లీ మీరు అనడం మొదలుపెట్టాను. వద్దన్నారు.

ముందు ఆయనకు ఈత నేర్పి, ఆ తర్వాతే సముద్రంలోకి దించారు. మొదట్లో చాలా కష్టమైంది. పడవనుంచి ఒక తాడు అడుగుదాకా వేలాడుతుంది, అది పట్టుకుని దిగాలి. ఆయన కొంతదాకా వచ్చి ఆగేవారు, పిడికిలి బిగించి తాడుకు అతుక్కుపోయేవారు, తర్వాత పైకి పదమని సైగ చేసేవారు. నేనూ పైకొచ్చేవాణ్ణి. పడవలో ఎవరి వంకా చూసేవారు కాదు. ఇంకొక్కసారి అలా అయితే ఇంటికి పంపిస్తామని చెప్పేశారు. ఇది నీకు రాయకపోయుంటే నువ్వు హాయిగా ఉండేదానివి. కానీ షరతు షరతే.

ఇవాళ పొద్దున మళ్లీ దిగాం. ఆగే చోటు వచ్చింది, ఆగారు. నేనేమీ సైగ చెయ్యలేదు, ఎదురుగా ఉన్నానంతే. కాసేపటికి ఒక చెయ్యి వదిలారు. ఇంకాసేపటికి రెండో చెయ్యి కూడా వదిలేసి, దాంతో నా భుజం పట్టుకున్నారు. అలాగే అడుగుదాకా వెళ్లాం. పది మీటర్లు. మీటర్లే అక్కా, లోతు చూపించే గేజీ పదే పదే చూశాను. పైన వెలుగు, కింద ఇసుక, మధ్యలో మేమిద్దరం, మా ఊపిరి చప్పుడు. ఒక చేపల గుంపు వచ్చి ఆయన పొడుగు చూసి చుట్టూ తిరిగి వెళ్లింది.

నీళ్లలో మాట్లాడలేం కాబట్టి ఒక్కొక్కరి నడుముకూ ఒక చిన్న పలక, పెన్సిలు కట్టి ఉంటాయి. గాలి తగ్గితేనో ఏదైనా ఇబ్బంది అయితేనో రాసి చూపించాలి. ఆయన పలక తీశారు. గాలి తగ్గిందేమోనని నేను దగ్గరికి జరిగాను. చాలాసేపు రాశారు, ఆ చేతివ్రాత నీకు తెలుసు కదా. తర్వాత నా అద్దానికి దగ్గరగా పెట్టారు.

'భయంగా ఉంది. చాలా బాగుంది. మీ అక్కకి రెండోది చెప్పు.'

ఏదీ దాచనని నీకు మాటిచ్చాను కాబట్టి రెండూ చెప్పేశాను. ఆయన ఇంటికొచ్చినప్పుడు మాత్రం నువ్వు రెండోదే విన్నట్టుండు.

నీ తమ్ముడు